చూడలేదన్నవాళ్ల సాక్ష్యం

చూసినవాళ్లంతా చూడలేదన్నారు. ఆ గంటలో మా కూలీల క్యాంపు వంటశాలలో ఉల్లిగడ్డలు కోస్తున్న నేను చెబుతున్నాను, వినండి. ఎర్రన్న తాత మాటల్లో సగానికి సగం కోతలే అని మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. కువైట్ ఎండకు ఒకసారి నా నీడ నన్ను వదిలేసి ఏసీ కిందికి పోయిందని చెప్పింది నేనే. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం కోత ఒక్కటే ఉంది. అది భూమేశ్ ట్రాలీల పొడవు గురించి. మిగతాది కూడా కోతే అయితే ఎంత బాగుండేదో.

భూమేశ్‌ది మా జగిత్యాల దిక్కు. ఇరవై రెండేళ్లవాడు. కువైట్‌లోని ఎగైలాలో ఒక మాల్ ముందు, జనం సామాన్లు కార్లలో వేసుకుని వదిలేసిన ట్రాలీలను ఏరి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, రైలులా తోసుకుపోవడం వాడి పని. వాడి రైలుకు ఇంజను మాల్ గుమ్మంలో ఉంటే గార్డు పెట్టె సముద్రంలో ఉండేది. వాడితోపాటు తోసేవాళ్లు ఉదయ్‌కుమార్, దేవేందర్. ముగ్గురిదీ ఒకే గది.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆ పార్కింగ్‌లోకి తెల్లకారు వచ్చింది. నడిపేది మా కఫీల్ కొడుకు, అంటే మా అందరి ఇఖామాలు, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితాలు, ఎవరి గుప్పిట్లో ఉన్నాయో ఆ యజమాని కొడుకు. ఒక చేత స్టీరింగు, ఇంకో చేత ఫోను. కారును గిరగిరా తిప్పుతూ టైర్ల పొగను వీడియో తీసుకుంటున్నాడు. తిరిగిన కారు భూమేశ్‌ను ట్రాలీలతో సహా తోసుకుపోయి స్తంభానికి అదిమింది.

ఉదయ్‌కుమార్ పరుగెత్తాడు. దిగి పారిపోబోతున్న కుర్రాణ్ణి పోలీసులు వచ్చేదాకా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కొట్టలేదు. "మావోణ్ణి దవఖానకు తీస్కపో, నీ కాల్మొక్త" అని ఏడుస్తూనే పట్టుకున్నాడు. కుర్రాడి పన్ను అప్పటికే స్టీరింగుకు కొట్టుకుని విరిగి ఉంది.

కోర్టు రెండు తీర్పులు చెప్పింది. చంపినవాడికి జరిమానా, కొన్నాళ్లు కారు నడపకూడదని ఆజ్ఞ. పట్టుకున్నవాడికి, పన్ను విరగ్గొట్టినందుకు, మూడేళ్ల జైలు, ఆపైన దేశం నుంచి పంపివేత. ప్రాణం కన్నా పన్ను బరువైనదని నాకు ఆ రోజే తెలిసింది. మీరు చదువుకున్న పిల్లలు, ఇక్కడొక ప్రశ్న అడగాలి: ఎవరి ప్రాణం, ఎవరి పన్ను?

ఒక ట్రాలీ తప్పిపోతే పట్టించే మాల్ కెమెరా ఆ సాయంత్రం ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతోందట. ఇక మిగిలింది మనుషులు. పార్కింగ్‌లో ఉన్న మావాళ్లనందరినీ ఫోర్‌మన్ సత్యప్రసాద్ ముందే కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కోనసీమ మనిషి, నోట్లో వేలు పెట్టినా కొరకనట్టుంటాడు, మాట మాత్రం ఇనుము. "ఒరేయ్, మీరంతా ట్రాలీలు చూసుకుంటన్నారు. ఏం జరిగిందో మీకు తెల్దు. ఆయ్, అంతే." పోలీసుల ముందు అందరూ ఆ పాఠమే అప్పజెప్పారు. అందరికన్నా ముందు అప్పజెప్పింది దేవేందర్. భూమేశ్ భుజం పక్కనే భుజం పెట్టి తోసినవాడు.

ఏడాది గడిచింది. ఉదయ్‌కుమార్ అప్పీలు విచారణకు వచ్చింది. రూపాయి తీసుకోకుండా కేసు పట్టుకున్న లాయరమ్మ ఈ దేశపు ఆడబిడ్డే. చిన్నప్పుడు ఆమెను సాకింది హైదరాబాద్ ఆయా, అందుకే వంకరటింకర హిందీ వచ్చు. క్యాంపు గేటు దగ్గర నిలబడి ఒక్కటే మాట అంది: "ముఝే గవాహ్ చాహియే. సాక్షులు లేకపోతే నేను ఖాళీ సంచీ." మావాళ్లు చెప్పులు చూసుకున్నారు. ఆమె కారెక్కి వెళ్లిపోయింది.

ఆ శుక్రవారమే భూమేశ్ ఏడాది మాసికం. అక్కడ ఊళ్లో వాడి తల్లి భీమవ్వ కొడుక్కి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టింది. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే చనిపోయినవాడికి ఏదో కోరిక తీరలేదని మా దిక్కు నమ్మకం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరు ముందుకొచ్చి, ఈ పని చేస్తాం, ఆ పని చేస్తాం అని మాట ఇస్తారు. పొద్దెక్కినా పిట్ట ముట్టలేదు. భీమవ్వ వీడియో కాల్ చేసింది.

"ఎర్రన్నా, ఈడ ముడ్తలేదే. మా పోరడు ఆడనే ఉన్నడు. మీరు పెట్టుండ్రి."

పెట్టాం. క్యాంపు వెనక ఇసుక మైదానంలో, బస్సు ఆగే చోట. నేనే బోటి కూర వండాను. కల్లు ఈ దేశంలో దొరకదు కాబట్టి గ్లాసులో ఇక్కడి మజ్జిగ, లబన్, పోసి, "ఏమనుకోకు బిడ్డా, రంగు ఒకటే" అని చెప్పుకున్నాను. సెలవు రోజు గనుక గదులన్నీ కదిలి వచ్చాయి. మాల్‌లో బాత్రూములు కడిగే కడప ఖాతూన్ బీ కూడా వచ్చింది. అటుపక్క బ్లాకులో ఉండే బంగ్లాదేశ్ కుర్రాళ్లు గోడెక్కి చూస్తున్నారు. భీమవ్వ ఫోనులో చూస్తోంది.

ఒక్క పిట్ట రాలేదు. కాకుల్లేవు. పావురాలు ఒక చుట్టు తిరిగి పోయాయి.

"కాకి యాడికెల్లి వస్తది? దానికి ఇఖామా ఉండద్దా?" అన్నాడెవరో. నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఒకడు ముందుకొచ్చాడు. "భూమేశ్, నీ అమ్మకు పండుగకు చీర నేను వెడ్త." పిట్ట రాలేదు. ఇంకొకడు, "నీ పొలం దున్నుడు మా అన్న జూసుకుంటడు." రాలేదు. "నీ సమాధి కాడ చెట్టు వెడ్త." రాలేదు. ఎండలో కూర ఎండుతోంది. ఫోనులో భీమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడు దేనికో అలిగిండు," అంది. "మీకు ఎరుకనే. అడుగుండ్రి."

అందరికీ తెలుసు. అప్పుడు ఖాతూన్ బీ కొంగు బిగించింది. "మీ కాకి సంగతి నాకు తెల్దప్పా. మా మతంలో లేదు. కానీ నేను కిటికీలోనుంచి చూసినా. ఆ పిల్లోడు కొట్టలేదు, పట్టుకున్యాడు. పన్ను ముందే యిరిగింది, రక్తం కార్లోనే ఉండింది. ఈ మాట నేను కోర్టులో చెప్తా. మీరు మగోళ్లు చీరలు పంపుకోండి."

దేవేందర్ ఇసుకలో కూలబడ్డాడు. "అక్కా, నేను వాని పక్కకే ఉంటి. నా చేతులకెళ్లే పోయిండు. పోలీసుల కాడ సూడలేదన్న. ఉదయ్‌గాడు నా మొకం దిక్కు చూసిండక్కా. ఒక్క మాట అనలే. ఒట్టిగ చూసిండు."

"మరి ఇప్పుడేం జేస్తవ్?" ఫోనులోంచి భీమవ్వ.

"పోత. కోర్టుకు పోత."

అంతలో సత్యప్రసాద్ వచ్చాడు. "ఏంట్రా ఈ గుంపు? ఇక్కడ గుంపు కడితే ఏమవుద్దో తెల్సా? కఫీల్ గారికి తెలిస్తే అందరికీ ఖలాసే. నేను మీ మంచికే చెబుతున్నాను బాబూ. సచ్చినోడు ఎలాగూ రాడు."

"సచ్చినోని సంగతి కాదే!" దేవేందర్ లేచాడు. "బతికున్నోని సంగతి. జైల్ల ఉన్నోని సంగతి. మంది పిల్లల నోర్లు మూసి, నువ్వు ఆని కార్లు తుడుస్తున్నవ్."

"నాకూ పిల్లలున్నార్రా."

"అందుకే జెప్తున్న. రేపు మీ పోరడు ఇదే కారు కింద పడితె నేను జూసిన అని ఎవడనాలె?"

సత్యప్రసాద్ ఫోను తీసుకుని పక్కకు వెళ్లాడు. ఎవరికి చేస్తున్నాడో అందరికీ తెలుసు. అయినా ఒక్కొక్కరే లేచారు. "నేను జూసిన." "నేను గూడ." పార్కింగ్‌లో ఉన్నవాళ్లంతా.

పిట్ట ముట్టిందా అని అడగకండి. మేం ఈ గోలలో ఉండగా క్యాంపు పిల్లి వచ్చి మొత్తం తినేసి, లబన్ కూడా తాగి మూతి తుడుచుకుంది. నేను భీమవ్వకు ఆ సంగతి చెప్పాను. ఆమె ఏడుస్తూనే అంది: "మాటలకు ముట్టడే. చేసినంకనే."

సోమవారం ఉదయ్‌కుమార్ విచారణ. ఆ పొద్దున కంపెనీ బస్సు మాల్ ముందు ఆగింది. ఎవరూ దిగలేదు. డ్రైవర్ మునాఫ్ వెనక్కి తిరిగాడు. "ఏమప్పా, దిగండి. యల్లా." సీట్లకు మేకులు కొట్టినట్టు కూర్చున్నారు. "కోర్టుకు తోలన్నా," అన్నాడు దేవేందర్. మునాఫ్ కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తర్వాత తలుపు మూశాడు. "నన్ను కూడా పంపిచ్చేస్తారు, తెలుసు కదా," అని ఒక తిట్టు తిట్టి, గేరు వేశాడు. ఖాతూన్ బీ మాల్ వెనక తలుపు దగ్గర ఎక్కింది.

కోర్టులో మావాళ్లు చెప్పారు. దుబాసీ అరబ్బీలోకి మార్చాడు. జడ్జి రాయించాడు. పోయినేడు చూడలేదని ఎందుకన్నారని అడిగితే దేవేందర్, "భయపడ్డం సారూ, ఇప్పటికీ భయమే," అన్నాడు. బోనులో ఉన్న ఉదయ్‌కుమార్ సన్నబడిపోయాడట. వీళ్లు చెప్పినంతసేపూ ఇనుప కడ్డీ పట్టుకున్న చేతులు వదల్లేదట. తీర్పు చెప్పలేదు. మాట మార్చినవాళ్ల సాక్ష్యం ఒక్కటే చాలదు, ఇంకా సాక్షులుంటే వచ్చేవారం తీసుకురమ్మని వాయిదా వేశారు.

వచ్చేవారం దాకా కఫీల్ ఆగుతాడా? ఆ సాయంత్రమే కోర్టుకు వెళ్లినవాళ్లంతా పని వదిలి పారిపోయారని కేసు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా క్యాంపు ముందు పోలీసు వ్యాను ఆగింది. పారిపోయినవాళ్లు కంచాలు పట్టుకుని లైన్లో నిలబడి ఉన్నారు. నేను ఆఫీసరుతో, "సాబ్, పారిపోయినోళ్లకు పప్పు ఎయ్యాల్నా వద్దా?" అన్నాను. ఆయనకు తెలుగు రాదు, నా అదృష్టం.

పేర్లు పిలిచారు. దేవేందర్ వెళ్లాడు. మునాఫ్ వెళ్లాడు. వ్యానులో ఖాతూన్ బీ అప్పటికే కూర్చుని ఉంది. ఒక్కొక్కరే ఎక్కుతుంటే నేను అనుకున్నాను: ఖలాస్, వీళ్లను విమానం ఎక్కిస్తారు, ఉదయ్ అక్కడే కుళ్లిపోతాడు, వాయిదా రోజున కొత్త సాక్షి ఒక్కడూ లేక లాయరమ్మ ఖాళీ సంచీతో నిలబడుతుంది. తలుపు మూయబోతున్నారు.

బంగ్లాదేశ్ బ్లాకులోంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి పేరు నాకిప్పటికీ తెలియదు. పార్కింగ్ అటు చివర కార్లు కడిగేవాడు. "సాబ్," అన్నాడు. "హమ్ భీ దేఖా." మేమూ చూశామని.

వాడి వెనక ఇంకొకడు. ఇంకొకడు. ఇద్దరు నేపాలీలు. ఆఫీసరు విసుగ్గా వ్యాను నిండిపోయిందన్నాడు.

"తో దూస్రా గాడీ మంగావో," అన్నాడు కుర్రాడు. ఇంకో బండి తెప్పించండి, ఇక్కడే కూర్చుంటాం. నిజంగానే గేటు ముందు ఇసుకలో కూర్చున్నారు.

వ్యాను కదిలింది. ఆఫీసరు ఫోనులో రెండో బండికి చెబుతున్నాడు. ఎవరో కబురు పెట్టినట్టున్నారు, అంతలో లాయరమ్మ కారు వచ్చి ఆగింది. నేను నా పెద్ద దేగిసా బోర్లించి ఆమెకు వేశాను. ఆమె దానిమీద కూర్చుని, ఫోను తెరిచి, మొదటివాడి ముఖానికి ఎదురుగా పట్టింది. "నామ్ బోలో. ఏం చూశావో బోలో. నిన్ను పంపించినా నీ మాట నా దగ్గర ఉంటుంది."

వాడు చెప్పాడు. రెండోవాడు చెప్పాడు. రోడ్డు మలుపులో రెండో వ్యాను దీపాలు కనిపించాయి. లైనులో ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్కడు కూడా అటు తిరిగి చూడలేదు. ముందువాడు, వెనకవాడికి సమయం మిగలాలని, మాటలు తొందర తొందరగా చెప్పడం మొదలుపెట్టాడు.