వదిలేసిన తీగ

బేకరీలో అందరూ అతన్ని ‘రెండోగుండె’ అనే పిలిచేవారు. సొంత గుండె చేతులెత్తేశాక, ముక్కూ మొహం తెలియని ఎవరిదో గుండె పెట్టించుకుని మళ్ళీ పిండి కలపడానికొచ్చినవాడు మరి. ఆ పేరుకి అతనూ నవ్వేసేవాడు.

ఆ చలికాలం పొయ్యి పక్కన నిలబడ్డా అతనికి ఒళ్ళు వణికేది. జ్వరం మాత్రం కాస్త వెచ్చగా తగిలి పోయేది. కౌంటరు చూసుకునే భార్య నుదురు పట్టి చూసి, “పద, ఆస్పత్రికి పోదాం” అంది. “పొయ్యి సెగలే” అని దాటేశాడు. ఓ పొద్దున పిండిముద్ద ఎత్తబోయి కూలబడ్డాక ఆమె ఇక అతని మాట వినలేదు.

గుండె డాక్టరమ్మ స్కానింగ్ చూపించింది. పాత గుండెకి పేస్‌మేకర్ ఉండేది. గుండె మార్చినప్పుడు దాన్ని తీసేశారు గానీ, దాని తీగ ముక్కొకటి ఛాతీ పైనున్న రక్తనాళంలో ఉండిపోయింది. ఇప్పుడు దానిమీద క్రిములు చేరి, కొత్త గుండె కవాటం దాకా పాకాయి.

“మర్చిపోయారా?” అంది భార్య.

“లేదమ్మా. నాళం గోడకి అతుక్కుపోయింది. లాగితే చిరుగుతుందని వదిలేశాం. చాలామందిలో అది ఊరికే పడుంటుంది. కానీ కొత్త గుండెని ఒళ్ళు తోసెయ్యకుండా ఈయన వాడే మందులున్నాయే, అవి క్రిముల్ని ఎదిరించే శక్తినీ తగ్గిస్తాయి. జ్వరం గట్టిగా రానిదీ అందుకే.”

“ఇప్పుడు లాగితే చిరగదా?”

“చిరగొచ్చు. అలాగే ఉంచితే మాత్రం ఈ జబ్బు మందులకి లొంగదు.”

అతను వింటూనే ఉన్నాడు. పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టుంది. భయం వేస్తుందేమోనని కాసేపు చూశాడు. వెయ్యలేదు.

“తీసెయ్యండి” అన్నాడు.

తీగ వచ్చింది. నాళం చిరగలేదు. కాకపోతే క్రిములు కవాటాన్ని అప్పటికే కొంత తినేశాయి. వారాల తరబడి సూదిమందులెక్కించి, బరువులెత్తొద్దని చెప్పి ఇంటికి పంపారు. పిండి కలిపే పని అక్కడితో సరి. యజమాని మంచివాడు కాబట్టి కూర్చుని కేకులకి క్రీము పూసే పనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను క్రీము సంచి పక్కన పెట్టాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“నీకేమీ అనిపించట్లేదా?”

“లేదే. ఏదో ఒకటి అనిపిస్తే బాగుండు.”

ఆమె ముక్కు తుడుచుకుని, “కేకులయ్యాక పిలువు. ఒక్కడివే ట్రే ఎత్తకు” అంది.

సరేనన్నాడు. అయ్యాక పిలిచాడు కూడా.