మీసం మొక్కు

గుండు చేసే ఆయన చూపించిన అద్దంలో త్రిమూర్తులుకి ఎవరో కొత్తమనిషి కనిపించాడు. ఆ మనిషికి తల మీద జుట్టు లేదు, మూతి మీద మీసం లేదు, చూపులో తెలివి కూడా ఉన్నట్టు లేదు. పెళ్ళిచూపులనాడు కూడా దువ్వుకున్న మీసం మరి. అది పోతే మనిషి సగం అయిపోయాడు.

అంతా స్వయంకృతం. పోయిన వేసవిలో కూతురు లక్ష్మీప్రసన్నకి పన్నెండు రోజులు జ్వరం వదల్లేదు. ఐ.పోలవరంలో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి, పిల్ల లేచి తిరిగితే దాని పుట్టువెంట్రుకలతో పాటు తన జుట్టూ మీసమూ కూడా పలివెల స్వామికి ఇచ్చుకుంటానని మొక్కేసుకున్నాడు. పిల్ల లేచింది, తిరిగింది, మూడో ఏడు కూడా వచ్చేసింది. ఇంక తప్పుతుందా? ఈ గుళ్ళో లింగంగా వెలసిన స్వామికేమో కొప్పు, మొక్కుకున్నవాళ్ళకేమో గుండు. ఇదేం న్యాయమని అడిగినవాళ్ళెవరూ లేరు.

"నేనూ సతీషూ దర్శనం వరసలో నిలబడతాం. మీరు పిల్లని ఎత్తుకుని వచ్చేయండి," అని చెప్పి భార్య మాణిక్యం పెద్దవాడిని తీసుకుని వెళ్ళింది. చూడండి, ఎంత చిన్న పనో. పిల్లని ఎత్తుకోవాలి, వచ్చేయాలి, అంతే.

త్రిమూర్తులు గుండ్లయిన పిల్లల్ని కూచోబెట్టిన అరుగు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

అరుగు మీద వరసగా ఐదు చిన్న గుండు తలలు. ఐదింటికీ ఒకే గంధం, చెవుల దాకా. ఐదుగురి ముక్కులూ ఏడ్చి ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. పొద్దున్న బస్సెక్కినప్పుడు పిల్లకి ఎర్ర గౌను ఉంది, అదొక్కటే గుర్తు. ఇక్కడ ఎర్ర గౌను లేదు.

అప్పుడు తట్టింది మహానుభావుడికి. పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని వెంట్రుకలు తీయించేది మేనమామ. స్నానం చేయించి, తను తెచ్చిన కొత్తబట్టలు తొడిగేదీ మేనమామే. బావమరిది వెంకటరాజు అమలాపురంలో బట్టలు కొని, "ఇప్పుడు చూపించనండి బావగారూ, తొడిగేకా చూద్దురుగాని," అని సంచీ మూతి ముడేసేశాడు. ఆ రాజు ఇప్పుడు ఒంటికంటిన వెంట్రుకలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు.

పిలిచి అడగొచ్చు కదా అంటారేమో. ఎవర్ని, రాజునా? "అక్క పిల్లల ఫొటో ఒకటి మీ చెరువు షెడ్డులో తగిలించనా అండీ, మొహాలు గుర్తుంటాయి," అని పోయిన నెలే పదిమందిలో అన్న మనిషిని? పైగా ఈ పొద్దున్నే బస్సులో పిల్ల తన ఒళ్ళోకి రానంటే మాణిక్యం, "మీ దగ్గర కొత్త చేస్తోందండీ," అంది. కోపంగా అన్నా సరిపోయేది. మామూలుగా అనేసి కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చుంది.

కన్నతండ్రి దగ్గర కొత్త చేయడమేమిటి? కానీ ఏం చేస్తాడు, తెల్లారకుండా చెరువుకి పోతాడు, పిల్ల పడుకున్నాక వస్తాడు. కళ్ళు మూసుకున్న పిల్లనైతే వెయ్యిమందిలో గుర్తుపడతాడు. జల్లెడలో రొయ్యకి మీసం విరిగితే గట్టు మీంచే కనిపెట్టే మనిషి, కళ్ళు తెరిచి బిక్కమొహం వేసిన ఈ ఐదుగురినీ చూసి నిలువునా చెమటలు కక్కాడు.

"బుజ్జీ," అని మెల్లగా పిలిచాడు.

నలుగురు తిరిగి చూశారు. కోనసీమలో బుజ్జి కాని పిల్లెవరు లెండి.

పిల్లలకి పులిహోర తినిపిస్తున్న పెద్దావిడ, అప్పాయమ్మగారట, తలెత్తింది. "ఎవరు కావాలి బాబూ?"

"మా పిల్లండి."

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్లేనండి."

"ఆయ్, అయితే తీసుకెళ్ళండి మరి," అని ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి పక్కకి తిరిగింది.

త్రిమూర్తులు లెక్క వేశాడు. ముగ్గురు ప్యాంటూ చొక్కాల్లో ఉన్నారు, వాళ్ళు మగపిల్లలు. ఇద్దరు గౌన్లలో ఉన్నారు. ఒకత్తె మరీ బొద్దుగా ఉంది, తన పిల్లకి ఆ ఒళ్ళుంటే మాణిక్యం చెప్పి ఉండేది. ఇంక మిగిలింది పసుప్పచ్చ గౌను. స్వామిని తలుచుకుని చేతులు చాపాడు. పిల్ల ఠక్కున వచ్చి మెడ వాటేసుకుంది. కొత్త చేయలేదు! అతనికి కళ్ళలో నీళ్ళొచ్చినంత పనయింది. మాణిక్యం కూడా చూడాలని పిల్లని భుజానికెత్తుకుని గబగబా వరస దగ్గరికి నడిచాడు.

"బావగారూ, ఎవరి పిల్లండీ ఆ పిల్ల?"

రాజు. చంకలో నీలం ప్యాంటూ గళ్ళ చొక్కా వేసుకున్న గుండు. ఆడపిల్లకి ప్యాంటు కొనడం అమలాపురంలో కొత్త ఫ్యాషనట. వెనకాల అప్పాయమ్మగారు తడిచేతులతో పరిగెత్తుకొస్తోంది. "అది మా మనవరాలు బాబూ, మా మనవరాలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వరసలో ముందువాళ్ళూ వెనకవాళ్ళూ నవ్వారు. సతీషు కూడా నవ్వాడు. మాణిక్యం నవ్వలేదు. ఒకసారి చూసి మొహం అటు తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని త్రిమూర్తులుకి అనిపించింది.

పచ్చగౌను పిల్లని ఇచ్చేసి, సిగ్గుతో చచ్చిపోతూ అసలు కూతురి వైపు చేతులు చాపాడు. పిల్ల మేనమామ మెడలో మొహం దాచేసుకుంది.

"నాన్నేనమ్మా, వెళ్ళు," అన్నాడు రాజు.

"నాన్న కాదు."

"మరెవరే?"

"నాన్నకి మీసాలుంటాయి."

త్రిమూర్తులు తెల్లబోయాడు. తన మొహం ఈ పిల్ల ఎప్పుడు చూసింది గనక, పొద్దున్న బస్సులో కూడా తలెత్తలేదాయె? "నీకెవరు చెప్పేరమ్మా?" అన్నాడు.

పిల్ల గంధం పూసిన నుదురు మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ గుచ్చుకుంటాయి. పొద్దున్న."

రోజూ చీకటితోనే చెరువుకి పోతూ పడుకున్న పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకోవడం అతనికి అలవాటు. ఆ సంగతి మాణిక్యానికి కూడా తెలియదు. పిల్ల కదిలితే, లేచి ఏడుస్తుందని భయపడి చప్పుడు కాకుండా జారుకుంటాడు.

"పొద్దున్న నువ్వు పడుకునుంటావు కదమ్మా?"

"పడుకోను. కళ్ళు మూసుకుంటాను." పిల్ల కళ్ళు గట్టిగా మూసి చూపించింది. "తెరిస్తే నాన్న వెళ్ళిపోతాడు."

రాజు నవ్వు ఆగిపోయింది. మాణిక్యం వరసలోంచి బయటికి వచ్చేసింది, చోటు పోతుందని కూడా చూడలేదు. వచ్చి మొగుడి గుండు మీద కారుతున్న గంధాన్ని కొంగుతో తుడిచింది. ఏ పిల్ల కోసం మీసం ఇచ్చాడో ఆ పిల్లకి తను తెలిసింది ఆ మీసంతోనే. దేవుడితో ఎవరు తగాదా పడతారు?

దర్శనమయింది. తిరుగు బస్సులో పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని, పక్కనున్న ఈ గుండాయన్ని అమలాపురం మలుపు దాకా రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ తరవాత చెయ్యి చాపి అతని పైపెదవి తడిమింది.

"ఇంకా రాలేదు," అంది.

త్రిమూర్తులు ఆ చిన్న చేతిని అక్కడే పట్టుకున్నాడు.

"రేపు పొద్దున్న కళ్ళు తెరిచి చూడమ్మా," అన్నాడు.