సోమవారం బద్ధకం

“సోమవారం వచ్చిందంటే చాలు, మా కోడలికి ఒళ్ళు వంగదు,” అని మా అత్తగారు అన్వరీబేగం పక్కింటావిడతో అంటుంటే నేను వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్నాను. వేళ్ళు ముడుచుకోవు, ముడిస్తే తెరుచుకోవు. పైగా కడుపులో తిప్పడం. వారానికోసారి, ఆదివారం వేసుకునే మాత్రలు సోమవారమంతా ఆ వికారంతో, నీరసంతో ఉంచుతాయి. ఆ మాత్రల సంగతి ఆవిడకి తెలియదు. తెలియనివ్వనని మా ఆయన జాహిద్ నాచేత ఒట్టు వేయించుకున్నాడు. “ఆఫ్రీన్‌కి సంబంధాలు చూస్తున్నాం. ఇంట్లో కీళ్ళవాతం ఉందంటే ఎవరొస్తారు?” అన్నాడు. ఆఫ్రీన్ ఆయన చెల్లెలు. వదిన కీళ్ళ జబ్బు ఆడపడుచుకి ఏ దారిన వెళుతుందో నేను అడగలేదు. బెజవాడలో ఇంతమంది డాక్టర్లుండగా, తెలిసినవాళ్ళు కనబడకుండా గుంటూరు తీసుకెళ్ళి చూపించాడు. ఆ మాత్రల్ని కాల్షియం డబ్బాలో పోసి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రెండేళ్ళుగా తిరుగుతున్నాను.

నిరుడు రక్తదాన శిబిరంలో ఆయన రక్తంలో హెపటైటిస్ బి బయటపడింది. ఆ జబ్బుని మాత్రం ఎవరూ దాచలేదు. అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి దువా చేయమన్నారు. నేను నూనె తగ్గించి ఆయనకి వేరే కూర వండాను. ఇంటిల్లిపాదీ టీకాలు వేయించుకోమన్నారు సూర్యారావుపేటలో డాక్టరు బాలశౌరిగారు. నా వంతు వచ్చినప్పుడు, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా అని అడిగారు.

“కాల్షియం తప్ప ఏమీ లేవండీ,” అన్నాడు జాహిద్.

గుంటూరు డాక్టరమ్మ నాకు ముందే విడమరిచి చెప్పింది. ఈ మాత్రలు వాపుతో పాటు ఒంట్లోని రోగనిరోధక శక్తినీ అణచిపెడతాయట. ఏ టీకా వేయించుకున్నా వీటి సంగతి చెప్పాలి, టీకా సరిగ్గా పట్టకపోవచ్చు అంది. ఎనిమిదో తరగతి పిల్లలకి టీకా ఎలా పనిచేస్తుందో బోర్డు మీద బొమ్మగీసి చెప్పే టీచర్ని నేను. అన్నీ తెలిసి, నోరు మూసుకుని చెయ్యి చాపాను. ఆర్నెల్లలో మూడుసార్లు.

ఆ సోమవారం సాయంత్రమే మా రక్తపరీక్షల రిపోర్టులు చూపించడానికి వెళ్ళాం. అత్తగారికి, ఆఫ్రీన్‌కి టీకా బాగా పట్టింది. నాకు ఏమాత్రం పట్టలేదు. డాక్టరుగారు నా కాగితాన్ని రెండుసార్లు చూశారు. ఇలా ఎందుకైందో అర్థం కావడం లేదన్నారు.

“మా ఆవిడకి ఏదీ ఓ పట్టాన ఎక్కదు డాక్టరుగారూ,” అని జాహిద్ నవ్వాడు. కాంపౌండరూ నవ్వాడు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

ఆ నవ్వుకి నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. ఆయన పక్కన పడుకునేది నేను. గడ్డం గీసుకుని ఆయన వదిలేసిన బ్లేడు తీసి పారేసేది నేను. వేలు తెగితే ఆ జబ్బు వచ్చేది నాకు. అది తెలిసి కూడా ఆయన నవ్వగలిగాడు. సరే, ఆయన నవ్వాడు. నేనెందుకు నవ్వాను?

బ్యాగులోంచి కాల్షియం డబ్బా తీశాను. మూత తిప్పబోతే వేళ్ళు సహకరించలేదు. జాహిద్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. డబ్బాని అలాగే డాక్టరుగారి ముందుకి జరిపాను.

“మూత కాస్త మీరు తియ్యండి డాక్టరుగారూ. ఇవి కాల్షియం కావు. కీళ్ళవాతానికి రెండేళ్ళుగా వాడుతున్నాను,” అన్నాను. మోచెయ్యి విడిపించుకుని, మిగతాది కూడా చెప్పాను.

“ఈయనకి తెలుసు.”