నా పేరుతో వెళ్లిన మెయిల్

నా మెయిల్ నన్నే లోపలికి రానివ్వలేదు. అమీర్‌పేట నెట్ సెంటర్లో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టినకొద్దీ తప్పు, తప్పు అని ఎర్రక్షరాలు. ఆ ఉదయమే సోమాజిగూడ కంపెనీ హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేసింది. "సాయిమా, ఆఫర్ లెటర్ మెయిల్ చేశాం. ఐదింటిలోగా ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వండి. లేకపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తాం" అంది. ఆ కంపెనీ టెస్టు నా అంతట నేను రాసి, ఇంటర్వ్యూ నా నోటితో నేను గట్టెక్కాను. తీరా చూస్తే మెయిలే తెరుచుకోదు.

ఎవరి పనో ఆలోచించక్కర్లేదు. ఆ పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి అచ్యుతరావు ఒక్కడే. పంజాగుట్టలో ఉద్యోగాలిప్పించే ఆయన కన్సల్టెన్సీలో చేరేటప్పుడు ఫొటోతో పాటు మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేయాలి. మన రెజ్యూమేలు మన పేరుతోనే వాళ్లు పంపుతారు. 2007లో కోచింగ్ అయిన పిల్లలం గుమ్మం ముందు చెప్పులు విడిచినంత మామూలుగా ఇచ్చేవాళ్లం.

షేర్ ఆటో దిగి మెట్లెక్కాను. తలుపు పక్కన ఫ్లెక్సీ మీద ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫొటోలు నవ్వుతున్నాయి. లోపల బెంచీల నిండా జనం.

"సార్, నా పాస్‌వర్డ్ ఎందుకు మార్చిండ్రు?"

అచ్యుతరావు గారికి సిగ్గు లేదు సరికదా, మొహం వెలిగిపోయింది. "రామ్మా, ఇది చూడు. పాస్‌వర్డ్ మేనేజర్ అని కొత్త సాఫ్ట్‌వేర్ వేశాం. అందరివీ మార్చి ఇందులో పెట్టేశా. పైన ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్, అది నాకొక్కడికే తెలుసు. ఎంత సేఫో!"

ఎవరికి సేఫ్? నా ఇంటికి తాళం వేసి తాళంచెవి తన మొలకు కట్టుకుని సేఫ్ అంటాడు. ఒళ్లు మండింది.

"నా మెయిల్ తెరువుండ్రి."

నా పేరు మీద రెండుసార్లు నొక్కాడు. మెయిల్ తెరుచుకుంది. ఆఫర్ లెటర్ ఉంది. దాని కింద నేను పంపని జవాబు కూడా ఉంది. బెంగళూరులో రెండేళ్లు టెస్టింగ్ ఇంజనీరుగా చేశానట, జీతం పెంచాలట. బెంగళూరుని నేను రైలు బోర్డు మీద తప్ప చూసిందే లేదు. ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌నని చెప్పి వచ్చిన దాన్ని.

"గిదేంది సార్?"

"నీ మంచికేనమ్మా. ఫ్రెషర్ అంటే ఏమిస్తారు?"

కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ముందటి మెయిల్ నేను రాసింది కాదు, నేను ఫ్రెషర్‌నే, ఉద్యోగం ఒప్పుకుంటున్నాను అని రాసి పంపాను. కాసేపటికే హెచ్ఆర్ మేడమ్ నుంచి ఫోన్ మోగింది.

"సాయిమా, మధ్యాహ్నం రెండేళ్ల అనుభవం అన్నారు. ఇప్పుడు ఫ్రెషర్ అంటున్నారు. రెండూ మీ ఐడీ నుంచే వచ్చాయి. ఏది నమ్మమంటారు?"

స్పీకర్ పెట్టి ఫోన్ అచ్యుతరావు మొహం ముందు పట్టుకున్నాను. "మొదటిది ఎవరు రాసిండ్రో చెప్పుండ్రి సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకేం తెలుసండీ? వాళ్ల పాస్‌వర్డులు నా దగ్గరెందుకుంటాయి?"

ఆ కంప్యూటర్ ఎత్తి కిటికీలోంచి పంజాగుట్ట చౌరస్తాలోకి విసిరేయాలనిపించింది. నేను నోరు తెరిచేలోపే బెంచీ మీంచి నాతోపాటు కోచింగ్ చేసిన సాయికిరణ్ లేచాడు.

"అదేంటండీ? పొద్దున్నే కదా నాది మార్చి అందులో పెట్టారు?"

"నాది సుత ఆయన దగ్గర్నే ఉంది మేడమ్" అని జుల్ఫికర్ ఫోన్ వైపు అరిచాడు. "లోపలికి పోరాక గీడ కూసున్న."

"నాదీ అంతే" అంది రవళి. ఆ తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలియకుండా గది మొత్తం అరిచింది. అచ్యుతరావు చేతులూపుతూ ష్, ష్ అంటున్నాడు.

ఫోన్లో మేడమ్ గొంతు పెంచి అడిగింది. "సాయిమా, అక్కడ ఎంతమంది ఉన్నారు?"

"రూమ్ నిండ ఉన్నరు మేడమ్."

"సరే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఇప్పుడే ఆఫీసుకి రండి. ఐదు దాటినా నేనుంటాను."

ఫోన్ పెట్టేశాక అచ్యుతరావు చెమట తుడుచుకుని నవ్వాడు. "చూశావా, అంతా మంచికే జరిగింది. రేపే నీ ఫొటో ఫ్లెక్సీ మీదకి ఎక్కిస్తా."

అంతవరకూ ఏ మూలో కాస్త తగ్గిన కోపం మళ్లీ భగ్గుమంది.

"కుర్చీలకెళ్లి లెవ్వుండ్రి సార్."

"ఏంటమ్మా?"

"లెవ్వుండ్రి."

లేచాడు. ఆయన కుర్చీలో కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. దీన్ని దాచమంటారా అని ఆ సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది. వద్దని నొక్కాను. తర్వాత కుర్చీ జుల్ఫికర్‌కి ఇచ్చాను. వాడి వెనక సాయికిరణ్, రవళి అప్పటికే లైన్లో ఉన్నారు.