నూట ఎనభయ్యో రోజు

నేను ఒక పాస్‌పోర్టుని. నీలిరంగు అట్ట, దాని మీద బంగారు సింహాలు, లోపల నవ్వకూడదని హెచ్చరించి తీసిన ఒక ఫొటో. ఆ హెచ్చరిక నా యజమానికి అనవసరం. కొప్పిశెట్టి సోమసుందరం గారికి నవ్వే అలవాటు అప్పటికే లేదు.

ఆయన కాకినాడలో వాణిజ్య పన్నుల అధికారిగా చేసి దిగిపోయారు. సర్వీసంతా రాత్రనక పగలనక లారీలు ఆపి, టార్పాలిన్లు ఎత్తించి, బస్తాల కింద దాచిన సరుకు బయటికి లాగినవాడు. అలాంటి మనిషి రిటైరైన నెలకే నన్ను చేయించుకున్నాడంటే కారణం వినండి. తను ఇక పన్ను కట్టకూడదట! పొద్దున నడకలో ఎవరో చెప్పారు: "బయట దేశంలో కూర్చుంటే ఎవడూ అడగడండి." ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ సాకులు ఒక్కటీ నమ్మని మనిషి, ఈ మాట మాత్రం వెంటనే నమ్మేశాడు.

థాయ్‌లాండ్‌లో హువా హిన్ అనే సముద్రపు ఊరు ఎంచుకున్నారు. రిటైరైనవాళ్ళకి అక్కడ ఏడాదేడాదికీ పొడిగించే వీసా ఇస్తారు. తొంభై రోజులకోసారి వెళ్ళి, ఫలానా ఇంట్లోనే ఉన్నామని చెప్పిరావాలి. జిల్లా మొత్తాన్ని తన గుమ్మం ముందు నిలబెట్టినాయన అక్కడ టోకెన్ పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో ఉన్న నాకు ఆ చెమట బాగా తెలుసు.

ఆయన భార్య రత్నమాణిక్యం గారికి మాత్రం ఆ ఊరు మొదటి వారమే నచ్చేసింది. పక్కింటి మాలీ అనే ఆవిడతో చేపల బజారుకి వెళ్ళేది. ఈవిడకి థాయ్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా చింతపండు పులుసు గురించి ఇద్దరూ గంటలకొద్దీ వాదించుకునేవారు.

చిక్కు ఫోన్‌లో వచ్చింది. కాకినాడ ఆడిటరు శ్రీవిద్య చెప్పింది: "సార్, మీ పెన్షన్ ఇక్కడిది. మీరెక్కడున్నా దానికి ఇక్కడ పన్ను తప్పదు. పైగా అక్కడ ఏడాదిలో నూట ఎనభై రోజులుంటే ఆ దేశం కూడా మిమ్మల్ని తన మనిషిగా లెక్కేస్తుంది. అయితే ఇంకో మాటుంది సార్..."

"నాకు చట్టం చెబుతావా అమ్మా?" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రమే కాగితం మీద పథకం తయారైంది. ఇండియా హద్దు నూట ఎనభై రెండు రోజులు కాబట్టి అక్కడ నూట ఎనభై ఒక్కటి, హువా హిన్‌లో నూట డెబ్బై తొమ్మిది, మిగిలిన అయిదు రోజులు కొలంబోలో. ఏ దేశానికీ పూర్తిగా చిక్కకూడదు! థాయ్‌లాండ్‌లో పన్నుల ఏడాది జనవరిలో మొదలవుతుందని, ఇండియాలో ఏప్రిల్‌లో మొదలవుతుందని గుర్తొచ్చాక కాగితం మీద బాణాలు గీశారు. బాణాలు ఎక్కువై రెండో కాగితం అందుకున్నారు. అప్పటినుంచీ నా ఒంటి మీద ముద్రలే ముద్రలు. మాణిక్యం గారు పెరట్లో కరివేపాకు మొక్క నాటడం, అది చిగురేసేసరికి పెట్టె సర్దడం. కాకినాడలో ఆవకాయ పెట్టడం, ఊరేలోగా విమానం ఎక్కడం.

రెండో ఏడు డిసెంబరు ఇరవై ఆరు. హువా హిన్‌లో నూట డెబ్బై తొమ్మిదో రోజు. సాయంత్రం కొలంబో విమానం. ఇరవై ఎనిమిదిన మాలీ కూతురి పెళ్ళి.

"రెండ్రోజులాగితే ఏవవుద్దండీ?" అని ఆవిడ వారం నుంచి అడుగుతూనే ఉంది.

"నూట ఎనభై అవుద్ది," అని ఆయన సమాధానం.

ఆ ఉదయం ఆయన స్నానానికి వెళ్ళగానే మాణిక్యం గారు నన్ను సొరుగులోంచి తీసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఫ్రీజర్‌లో వంజరం ముక్కల కింద పెట్టేసింది. చలికి వణికాను గానీ, నిజం చెప్పాలంటే, ఆ రోజంత సరదా నా జీవితంలో మళ్ళీ రాలేదు.

సోమసుందరం గారు వెతికారు. పరుపు తిప్పారు, సూట్‌కేసు అంచు కుట్లు తడిమారు, బీరువా వెనక టార్చి వేశారు. మధ్యమధ్యలో దాహమేసి మూడుసార్లు ఫ్రిజ్ తీశారు. కింది తలుపే తీశారు! చీకటి పడింది. విమానం ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ గ్లాసుతోపాటు నన్ను బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ దొరికింది?"

"దొరకలేదండి. నేనే దాచాను."

ఆయన నా చల్లటి అట్ట మీద చెయ్యేసి, ఉలిక్కిపడి తీసేశారు.

"చేపల కింద," అంది ఆవిడ. "మీ ఉద్యోగంలో పదిహేడు బదిలీలండి. ఏ ఊళ్ళోనూ ఒక పెళ్ళిలో నన్ను మా మనిషేనని ఎవరూ ముందు వరసలో కూచోబెట్టలేదు. కుదురుకునేలోగా లారీ వచ్చేసేది. ఇప్పుడు ఏ సర్కారూ మిమ్మల్ని బదిలీ చెయ్యట్లేదు. మీకు మీరే చేసుకుంటున్నారు. నా వల్ల కాదండి. పెళ్ళికి కట్టుకోమని మాలీ నాకు పట్టు గుడ్డ కొనిపెట్టింది."

ఆవిడ గొంతు పెద్దది చేయలేదు. ఆయన కాఫీ తాగకుండానే శ్రీవిద్యకి ఫోన్ చేశారు. నూట ఎనభయ్యో రోజు వచ్చేసిందనీ, ఇప్పుడేం చేయాలనీ అడిగారు.

"ఏం చెయ్యక్కర్లేదు సార్. మీది ప్రభుత్వ పెన్షన్. రెండు దేశాల ఒప్పందం ప్రకారం దాని మీద పన్ను ఇక్కడే. నూట ఎనభై కాదు, ఏడాదంతా ఉండండి. బ్యాంకు వాళ్ళకి మీ నివాసం మారిందని చెప్పండి, ఏటా ఇక్కడ రిటర్న్ వెయ్యండి. వేరే డబ్బేదైనా అక్కడికి తెచ్చుకుంటే మాత్రం అక్కడి ఆడిటర్ని అడగండి."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను సార్. మీరు పెట్టేశారు."

మాణిక్యం గారు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం బాణాల కాగితాలు రెండూ మడిచి చెత్తబుట్టలో వేశారు. "పెళ్ళికి నేనేం తొడుక్కోవాలి?" అని లోపలికి కేకేశారు.

పెళ్ళిలో పెద్దవాళ్ళు శంఖంతో వధూవరుల చేతుల మీద నీళ్ళు పోస్తారు. సోమసుందరం గారి వంతు వచ్చింది. ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూశాను. శంఖం అందుకుని ఆయన భార్యకేసి చూశారు. ముందు వరసలో పట్టు గుడ్డ కట్టుకుని కూర్చున్న మాణిక్యం గారు ఆయన్ని చూసి తలూపింది.

నా గడువు తీరేనాటికి వాళ్ళు ఆ ఊరికి పాత కాపులైపోయారు. కొత్త పాస్‌పోర్టు కోసం బ్యాంకాక్‌లోని మన రాయబార కార్యాలయానికి వచ్చారు. కిటికీ అవతల కూర్చున్న ఉద్యోగిని విజయనగరం అమ్మాయి. నన్ను రద్దు చేయడానికి నా మూల కత్తిరించబోతూ పేజీలు తిప్పింది.

"మొదటి రెండేళ్ళూ ఇన్ని రాకపోకల ముద్రలున్నాయి, ఆ తరవాత ఏటా ఒక్క వీసా ముద్ర తప్ప అన్నీ ఖాళీయే. తిరగడం మానేశారేంటండీ?"

సోమసుందరం గారు గొంతు సవరించుకుని నూట ఎనభై రోజుల సంగతి మొదలుపెట్టబోయారు. మాణిక్యం గారు ఆయన మోచేతి మీద చెయ్యేసి ఆపింది.

"మానేశామమ్మా," అంది. "ఉంటన్నాం."