ఇర్యా కారుకి బంగారు పట్టీలు

కారుకి అంటించిన పట్టీని గీత పడకుండా ఊడదీయడంలో మా సరస్సు చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. అవతలి ఒడ్డువాళ్లని అడిగినా ఇదే చెబుతారు, నేను పక్కన నిలబడి ఉంటే.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం పక్కింటి తైస్తో మా వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"విల్హో, నా కొంప మునిగింది. నాలుగింటి బస్సుకి ఇర్యా దిగుతోంది."

"పెళ్లాం ఇంటికొస్తే కొంప మునగడమేంట్రా?"

ఇర్యా వారం రోజులుగా అక్క ఇంట్లో ఉంది. ఈలోగా మావాడు, చూసి మురిసిపోతుందని, ఆవిడ ఎర్ర కారు తలుపులకి రెండు పక్కలా బంగారు రంగు పట్టీలు అంటించాడు. ఆ పొద్దున ఆవిడ ఫోన్ చేసి, "మా బావ కారుకి బంగారు పట్టీలు అంటించాడు. అచ్చం శవపేటికే. అందులో ఎక్కమంటే నడిచే వస్తా" అందట.

బయట సున్నాకి కింద ఇరవై రెండు డిగ్రీలు. జిగురు రాయిలా బిగిసింది. వేడి తగిలితేగానీ రాదు. జుట్టు ఆరబెట్టే మిషనేమో ఇర్యా పెట్టెలో ఉంది.

"శనివారమే కదా, మా సౌనా పొయ్యి కాలుతోంది," అన్నాను.

సౌనా అంటే ఆవిరి స్నానాల గది, మాకు శనివారం శనివారం అందులోనే స్నానం. దాని పొయ్యి మీద కాలే రాళ్లని పటకారుతో తీసి, ఉన్ని మేజోళ్లలో వేసి, పట్టీకి ఆనించాం. జిగురు మెత్తబడ్డాక గాలం దారం చెరో కొసా పట్టుకుని పట్టీ వెనక రంపంలా లాగాం. ఒక పక్కదంతా పాము కుబుసంలా వచ్చేసింది.

రెండో పక్క, డ్రైవర్ తలుపు దగ్గర, రాళ్లు చల్లబడ్డాయి. కొత్తవి తెచ్చాం. వాటి వెంట నీళ్ల బకెట్టు ఎందుకొచ్చిందని అడగొద్దు. రాళ్లెక్కడుంటే అదీ అక్కడే. పుట్టిన దగ్గర్నుంచీ శనివారం వేడి రాయి కనిపిస్తే గరిటెడు నీళ్లు పోయడమే మాకు తెలుసు. తైస్తో చెయ్యి దానంతటదే బకెట్టులోకి వెళ్లింది.

బుస్సుమని ఆవిరి లేచింది. ఇద్దరం కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి పీల్చాం. తెరిచేసరికి తలుపు, పట్టీ, మేజోడు, గాలం దారం, అన్నీ కలిసి ఒకటే మంచుగడ్డ.

బస్సు వచ్చింది. ఇర్యా పెట్టె కింద పెట్టి కారు చుట్టూ తిరిగి చూసింది.

"తైస్తో, నా కారుకి మేజోడెందుకు?"

అతను దాచకుండా అంతా చెప్పేశాడు.

"నా కోసం అంటించావా?"

"ఊఁ."

"శవపేటికలా ఉంటుందని తట్టలేదూ?"

"తడితే అంటిస్తానా?"

ఆవిడ మూతి బిగించింది, నవ్వాపుకోవడానికి. తరవాత నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ముందు ఆ గరిటె అవతల పెట్టు."

పెట్టెలోంచి మిషన్ తీసి, వసారాలోంచి కరెంటు తీగ లాగి, పావుగంటలో మంచూ పట్టీ రెండూ ఊడదీసింది. మేం ఊడదీసిన పక్క గోటి గీతంత గీత ఒకటి పడింది. ఆవిడ ఊడదీసిన పక్క ఏమీ లేదు. జానెడు పట్టీ ముక్క తెంచి మా బకెట్టుకి అంటించింది.

"ఇది కారు దగ్గరికి రాకూడదని గుర్తు."

ఇప్పటికీ అది దానికే ఉంది. ఊడదీద్దామని చాలాసార్లు చూశాను, నావల్ల కాలేదు.

ఒక్కటి మాత్రం నేను కల్పించాను. నీళ్లు పోసిన చెయ్యి తైస్తోది కాదు.

నాదే.