మాట దాచుకునే ఫోను

నర్సింగ్ రావుకు ఐఫోను అవసరం లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్య లీలకు ఇంకా బాగా తెలుసు. కానీ జగిత్యాలలో దేవేందర్ కూతురి ఓణీల ఫంక్షన్‌కు వెళ్లొచ్చిన రోజు నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు.

జరిగింది ఇంతే. భోజనాలయ్యాక అందరూ ఫోటోకు నిలబడ్డారు. నర్సింగ్ రావు తన ఫోను తీసి, "దీంట్ల తియ్యిండ్రి" అని చెయ్యి చాచాడు. రాయికల్ నుంచి వచ్చిన శ్రీశైలం దాన్ని ఒకసారి చూసి, "వద్దు దొరా. దేవేందరన్నది ఐఫోన్ గద, దాంట్ల మంచిగ వస్తది" అన్నాడు. చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

దేవేందర్ తండ్రి లచ్చయ్య ఒకప్పుడు ఈయన తండ్రికి రోజూ మొదటి కల్లు ముంత దింపి ఇచ్చినవాడు. కొడుకు ఇప్పుడు మూడు బోరు బండ్లు తిప్పుతున్నాడు, 'దొరా' మాని 'సార్' అంటున్నాడు. అదంతా కాలమహిమ అని నర్సింగ్ రావు ఎప్పుడో సరిపెట్టుకున్నాడు. ఫోను దగ్గర మాత్రం ఆయన వల్ల కాలేదు. పెద్దమనుషులకు కష్టాలు కూడా పెద్దవే వస్తాయి మరి.

అలాగని వెంటనే కొనేయడానికీ లేదు. తాతలు కట్టిన గడి కూలిపోయింది, భూములు కరిగిపోయాయి. ఆయనకు మిగిలిందల్లా రాయికల్ చుట్టుపక్కల పంచాయితీలు తెంపే పెద్దరికం. ఆ పెద్దరికమంతా పాత ఫోనులోనే ఉంది. ఆయన ఎవరితో మాట్లాడినా అది చప్పుడు చేయకుండా మాటలన్నీ దాచుకుంటుంది. పంచాయితీలో ఎవడైనా "నేను గట్ల అనలే" అన్నాడా, నర్సింగ్ రావు తాపీగా ఫోను తీసి, "నీ మాట నా జేబుల ఉన్నది రా" అని వినిపిస్తాడు. దాంతో వాడి నోరు మూతపడుతుంది. రావు గారు రికార్డు చేస్తారని ఊరందరికీ తెలుసు. కానీ చప్పుడు లేనిదాన్ని మనిషి నిమిషంలో మరిచిపోతాడు, నోరు జారతాడు. తాతలు కర్రతో చేసిన పనిని ఈయన వేలితో చేస్తున్నాడు. రోజులు మారలేదని ఎవరన్నారు?

హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మేనల్లుడు సాకేత్ రావును సలహా అడిగాడు.

"మామయ్యా, ఐఫోన్ల రికార్డు పెడితే అవతలోళ్లకు చెప్తది. రికార్డు అయితున్నదని గట్టిగనే అంటది."

"లక్ష రూపాలు పోసి కొన్నంక నా మాట ఇంటదా, అవతలోని మాట ఇంటదా?"

"రూల్ గట్లున్నది మామయ్యా."

"నువ్వు సక్కగ చూసి ఉండవు" అని ఫోను పెట్టేశాడు. సలహా అడిగేది మన మాటకు తల ఊపుతారని కదా. అంతమాత్రం తెలియని పిల్లలకు ఉద్యోగాలు ఎలా ఇస్తున్నారో!

పదిరోజులు పొద్దున కొందామని, సాయంత్రం వద్దని నలిగాడు. చివరికి లీలకే విసుగొచ్చింది. "కొంటే కొనుండ్రి, లేకుంటే లేదు. పాతది మాత్రం నాకియ్యిండ్రి. నా ఫోన్ల పాటలన్న వస్తలెవ్వు."

జగిత్యాలలో కొంటే దొర బేరమాడాడని నలుగురికీ తెలుస్తుంది. అందుకని కోరుట్ల దాకా పోయి సతీశ్ షాపులో కొన్నాడు. సతీశ్ పాత ఫోనును అటూ ఇటూ తిప్పి, "ఎక్స్ఛేంజికి పదిహేను వందలు వస్తయి సార్" అన్నాడు. ఇంత పెద్దరికానికి పదిహేను వందలా! నర్సింగ్ రావు దాన్ని లాక్కుని ఇంటికి తెచ్చి లీల చేతిలో పెట్టాడు.

అప్పుడు ఆయన తెంపాల్సి ఉన్నది ఊళ్లోని భీమయ్యకు, శ్రీశైలానికి మధ్య పొలం గట్టు పంచాయితీ. కొత్త ఫోనుతో మొదట భీమయ్యకు చేశాడు. సతీశ్ చూపించిన గుర్తు నొక్కాడు. వెంటనే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"దొరా, పక్కన అమ్మగారున్నరా?" భీమయ్య అడిగాడు.

"లేదు. టవర్ మంచిగ లేదు. నువ్వు చెప్పు, గట్టు ఎన్నడు జరిపినవు?"

భీమయ్య వెనకనుంచి డిగ్రీ చదివే అతని కూతురు శ్రీవాణి గొంతు వినిపించింది. "బాపూ, రికార్డు చేస్తున్నరట. ఫోను పెట్టెయ్."

భీమయ్య పెట్టేశాడు. శ్రీశైలం కూడా అంతే. రెండు రోజుల్లో రాయికల్‌లో అందరిదీ ఒకటే మాట అయింది: "ఎదురుంగ మాట్లాడుదాం దొరా." లక్ష పోసి కొన్న ఫోను ఊరందరికీ జాగ్రత్తలు చెప్పి పెడుతోంది. ఆదివారం పంచాయితీ, జేబులో ఒక్క మాట లేదు. లీలకు ఇచ్చిన పాత ఫోను తిరిగి అడగడానికి పెద్దరికం అడ్డొచ్చింది. నర్సింగ్ రావుకు మొదటిసారి భయం వేసింది.

ఆలోచించి శనివారం భీమయ్యకు మళ్లీ చేశాడు. "ఇగో, రికార్డు పెట్టలే. ఆడమనిషి గొంతు ఇనబడ్డదా? లేదు గద. మనసుల మాట చెప్తున్న. తీర్పు నీ దిక్కే." తర్వాత శ్రీశైలానికి చేసి అదే మనసులోంచి అదే మాట చెప్పాడు. ఇద్దరికీ ధైర్యం చెప్పడం ఆయన పాత పద్ధతి. ఇద్దరూ ఆయన మాట మీదే ఆశ పెట్టుకుని వస్తారు, ఆయన చెప్పిందానికి తల ఊపి పోతారు.

పంచాయితీకి పదిమంది వచ్చారు, దేవేందర్ కూడా వచ్చాడు. నర్సింగ్ రావు ఐఫోనును అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "భీమయ్యా, గట్టు జరిపిన అని నువ్వే ఒప్పుకున్నవు."

"నేనెప్పుడన్న దొరా? వినిపియ్యిండ్రి."

నర్సింగ్ రావు చెయ్యి బల్ల మీది ఫోను దాకా పోయి ఆగిపోయింది. భీమయ్య తన ఏడువేల ఫోను తీశాడు. "మీ మాట నా జేబుల ఉన్నది దొరా. మా శ్రీవాణి పెట్టిచ్చింది" అని నొక్కాడు. "తీర్పు నీ దిక్కే" అంది నర్సింగ్ రావు గొంతు.

శ్రీశైలం లేచాడు. "గిదే మాట నాకు గూడ చెప్పిండు గద!" అని తన ఫోనూ నొక్కాడు. అదే గొంతు, అదే మనసులోని మాట. మొదట ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అందరూ నవ్వారు. భీమయ్య, శ్రీశైలం ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ నవ్వారు.

"గట్టు నడుమల ఏసుకుంటే అయిపోతది గదనే" అన్నాడు దేవేందర్. రెండు నిమిషాల్లో తెగింది. ఆరునెలలుగా నర్సింగ్ రావు పెంచుకొచ్చిన పంచాయితీ అది.

పోయేముందు ఫోటో దిగుదామన్నారు. దేవేందర్ జేబులో చెయ్యి పెట్టబోయి ఆగాడు. "సార్‌ది కొత్త మోడల్. నా దానికన్న మంచిగ వస్తది. సార్, జర తియ్యరాదుండ్రి."

కోరుకున్న గౌరవం ఇన్నాళ్లకు దక్కింది. నర్సింగ్ రావు ఫోను పట్టుకుని వెనక్కి జరిగాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, భీమయ్య చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. ఊరి పెద్దమనుషులంతా అందులో ఉన్నారు, ఆయన తప్ప.

ఇంటికొచ్చేసరికి లీల పాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. పాటలు కాదు.

"దీంట్ల నా మాటలు గూడ ఉన్నయి" అంది తలెత్తకుండా. "నూటనాలుగు. అన్నం తిన్నరా అని అడిగినయి, గోలీలు ఏసుకున్నరా అని అడిగినయి. మా అమ్మ పోయిన నాడు దవాఖాన నుంచి ఏడ్సుకుంట చేసింది గూడ ఉన్నది. అన్నిటికి మీరు ఒక్క 'ఊ' అన్నరు, పెట్టేసిండ్రు. ఊరందరికి మాటలు ఇచ్చిండ్రు గద, నాకొక్కటన్న ఇచ్చిండ్రేమో అని పొద్దటి సంది ఎతుకుతున్న."

నర్సింగ్ రావుకు సిగ్గేసింది. పంచాయితీలో వేసినదానికన్నా ఎక్కువ సిగ్గు. ఆమె పక్కన కూర్చున్నాడు. ఏదైనా ఒక మంచి మాట అనాలని, ఎవరూ రికార్డు చేయకపోయినా అనాలని, నిజంగానే అనిపించింది. మాట గొంతు దాకా వచ్చింది.

"ఊ" అన్నాడు.